పాలగడ్డ అనుకున్నది

మా ఆఫీసులో మా అంతస్తు చివర, సర్వర్ గది పక్కన, పాత మానిటర్లూ విరిగిన కుర్చీలూ పడేసుకునే చిన్న గది ఒకటి ఉండేది. కాన్పు సెలవు ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు బాత్రూముల్లో నిలబడి పాలు పిండుకుంటున్నారని ఎవరో పైదాకా ఫిర్యాదు చేశారు. దాంతో ఆ సామానంతా తీయించి, గోడకి తల్లీబిడ్డల బొమ్మ అంటించి, దానికి 'మదర్స్ రూమ్' అని పేరు పెట్టారు. మూడు కుర్చీలు, వాటి మధ్య ఆస్పత్రి వార్డులో వేలాడేలాంటి తెరలు, ఒక చిన్న ఫ్రిజ్. మా వాడు పుట్టాక నేను మదీనాగూడ నుంచి పాల పంపు సంచీలో వేసుకుని ఆ గదికి వెళ్లేదాన్ని.

ఆ గదికో పద్ధతి ఉండేది. ఎవరూ చెప్పకపోయినా అందరం పాటించేవాళ్లం. లోపలికి రాగానే గోడవైపు తిరిగి కూర్చోవాలి. చున్నీ మెడ నుంచి కప్పుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో ఒక కాల్‌లో ఉండాలి, పంపు చప్పుడు అవతలివాళ్లకు వినబడకుండా మ్యూట్ నొక్కుకోవాలి. ఒకే పనికి వచ్చినవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. రొమ్ము అన్న మాట ఆ గదిలో నేను వినలేదు. 'ఈ సైడు' అనేవాళ్లం, 'ఆ సైడు' అనేవాళ్లం. ఇంజనీరింగులు చదివి, అమెరికా వాళ్లతో గంటలకొద్దీ ఇంగ్లిషులో వాదించగలిగిన వాళ్లమే అందరం.

ఆ పద్ధతిని మొదటి రోజే చెడగొట్టింది తను. మా పక్క టీములో పేరోల్ సాఫ్ట్‌వేర్ చూసే అమ్మాయి. నాకన్నా నాలుగైదేళ్లు చిన్న. సిద్దిపేట దగ్గర పల్లెటూరు. ఆడపిల్ల పుట్టి అప్పటికి ఐదారు నెలలు. లోపలికి వచ్చి కూర్చుంది, ఉన్నట్టుండి మా మధ్య తెర పక్కకు లాగింది.

"అక్కా, మీకు ఎన్నొస్తున్నయి? నాకు గీ సీసల సగం గూడ నిండుతలేదు. మా అమ్మ చూస్తె ఇజ్జత్ పోతది."

నేను చున్నీ సర్దుకుంటూ కంగారుపడ్డాను. తను నవ్వింది. "నన్ను చూసి సిగ్గేందక్కా, ఇద్దరం పాడి బర్లమే గద!" అంది. అటు కుర్చీలో ఉన్న అమ్మాయి కాల్‌లో ఉండి కూడా కిసుక్కుమంది. ఆ రోజు నుంచీ మేం స్నేహితులం. తను లింగంపల్లి నుంచి వచ్చేది. దారిలో నన్ను ఎక్కించుకునే కంపెనీ క్యాబే తనదీ అని తర్వాత తెలిసింది. దాంతో ఇక వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఒకటే కబుర్లు.

ఇంట్లో పిల్లను చూసుకోడానికి తన తల్లి ఊరి నుంచి వచ్చి ఉండేది. పొలం పనులు చేసి గట్టిపడ్డ చేతులు ఆవిడవి. నన్ను మొదటిసారి చూసినప్పుడే "నువ్వు బక్కగున్నవు బిడ్డా, పాలేడికెళ్లి వస్తయి నీకు" అని ముద్దపప్పులో నెయ్యి పోసి అన్నం పెట్టింది. ఊళ్లో బాలింతలకు పాలు గడ్డకడితే ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లట. ఆముదం వేడి చేసి రుద్ది, గుడ్డ కాపడం పెట్టి, ఎంతటి గడ్డనైనా కరిగించి పంపేదట. ఈ సంగతి చెబుతుంటే తన మొహంలో తల్లిని చూసుకునే గర్వం ఉండేది.

అక్టోబరులో ఆఫీసులో రొమ్ము క్యాన్సర్ అవగాహన అన్నారు. కింద హాల్లో గులాబీ బెలూన్లు, గులాబీ క్రీము పూసిన చిన్న చిన్న కేకులు, ఫోటోలు దిగడానికి రిబ్బను ఆకారంలో అట్టముక్క. మగవాళ్లు కూడా గులాబీ చొక్కాలు వేసుకొచ్చి ఆ అట్టముక్కలో తలపెట్టి ఫోటోలు దిగారు. ఏదో ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. మగవాళ్లూ ఉన్నారు కదా కాస్త చూసి మాట్లాడమని హెచ్ఆర్ వాళ్లు ముందే చెప్పినట్టున్నారు, ఆవిడ మాట్లాడినంతసేపూ 'చెస్ట్ ఏరియా' అనే అంది. తెర మీద గీతలతో గీసిన బొమ్మ. ఆ బొమ్మకి మొహమూ లేదు, ముచ్చికలూ లేవు. ఎలా చూసుకోవాలో చూపించడానికి ఆవిడ తన పైట మీద, ఒంటికి జానెడు దూరంలో, గాలిలో వేళ్లు గుండ్రంగా తిప్పింది. మేం చప్పట్లు కొట్టాం.

ఆవిడ చెప్పినవాటిలో అందరికీ గుర్తున్నది ఒక్కటే. ప్రతి నెలా, నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు చూసుకోవాలి.

ఆ మధ్యాహ్నం పాల గదిలో కూర్చున్నప్పుడు తను ఆ వేళ్లు తిప్పడాన్ని అనుకరించి చూపించి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించింది. "అయినా నాకు ఇంక నెలసరే వస్తలేదు గదక్కా. వచ్చినంక చూసుకుంట తియ్" అంది. మాకెవరికీ ఇంకా రాలేదు. పాలిచ్చేవాళ్లకు చాలామందికి అంతే. ఆ పాఠం మాకు కాదు, వేరేవాళ్లకని మూడు కుర్చీల్లో కూర్చున్న ముగ్గురమూ తీర్మానించుకున్నాం. నెలసరి రానివాళ్లు ఏదో ఒక తారీఖు పెట్టుకోవచ్చనీ, బిడ్డకి పాలిచ్చాకో పంపుతో తీసేశాకో రొమ్ము మెత్తబడ్డప్పుడు చూసుకోవాలనీ ఆవిడ చెప్పలేదు. మేమూ చెయ్యెత్తి అడగలేదు. అంతమంది మగవాళ్ల ముందు ఆ ప్రశ్న ఎవరడుగుతారు? నాకు ఆ హాలు మీద, ఆ కేకుల మీద కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు.

చలికాలం మొదలయ్యాక ఒకరోజు తను పంపు పక్కన పెట్టి ఎడమ వైపు వేళ్లతో నొక్కుకుంటూ కూర్చుంది.

"ఈ పక్క గడ్డ గట్టిందక్కా. ఎంత తీసినా కరుగుతలేదు."

"నొప్పిగా ఉందా?"

"ఏం నొప్పి లేదు."

నొప్పి లేదనగానే అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. ఇక ఆ గదిలో ఎన్ని వైద్యాలు! క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి కట్టుకోమని ఒకరు. స్నానం చేసేటప్పుడు దువ్వెనతో పైనుంచి కిందికి దువ్వమని ఇంకొకరు. పాపకు ఎక్కువసార్లు ఆ వైపే పట్టించమని నేను. మొదటిసారి మేం గోడవైపు కాకుండా ఒకరివైపు ఒకరం తిరిగి మాట్లాడుకున్నది అప్పుడే. మాట్లాడుకున్నదంతా తప్పే.

ఇంట్లో తల్లి ఇనప గరిటెలో ఆముదం కాచి, రోజూ సాయంత్రం తను ఆఫీసు నుంచి రాగానే కూర్చోబెట్టి రుద్దేది. ఒకసారి నేను ఉండగానే రుద్దింది. కూతురు పళ్లు బిగబట్టి కూర్చుంటే, ఆవిడ చెమటలు కారుస్తూ, "ఇగ రెండు దినాలల్ల కరిగిపోతది, ఏం ఫికర్ చెయ్యకు" అంటూ రుద్దింది. పాప మంచం మీద కాళ్లాడిస్తూ చూస్తోంది. ఆ గదంతా ఆముదం వాసన. ఆ ప్రేమను చూసి నాకు మా అమ్మ మీద బెంగ పుట్టింది. ఇంతమంది ఇంత ప్రేమగా తప్పు చేయగలరని నాకు అప్పటికి తెలియదు.

కొన్నాళ్లకు పాప ఎడమ వైపు పట్టడం మానేసింది. నోరు పెట్టేది, మొహం తిప్పేసుకునేది. దిష్టి తగిలిందని తల్లి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. తను కాలనీలో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ చుడీదార్ మీద నుంచే రెండుసార్లు నొక్కి, పాలు గడ్డకట్టాయి, వేడి కాపడం పెట్టుకో అని యాంటీబయాటిక్స్ రాసి పంపింది.

"పెద్దాస్పత్రికి వెళ్దాం. స్కాన్ తీయించుకో" అన్నాను క్యాబులో.

"డాక్టరే పాలగడ్డ అన్నది గదక్కా."

"బట్ట తీసి చూడనైనా లేదుగా ఆవిడ?"

తను కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ఆఫీసుల గామె చెప్పింది యాదికున్నదా? నెలసరి అయినంకనే సరిగ్గ తెలుస్తది అన్నది. మొన్న నడుము నొస్తున్నది, ఇగ వచ్చేటట్టే ఉన్నది. వచ్చినంక ఒకటేసారి పోత. ఊకె పోతె మళ్ల రమ్మంటరు."

ఎంత తెలివైన మాటలా వినిపించిందో నాకు. విన్నదాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నవాళ్లే ఇలా ఆలోచిస్తారు. ఏమీ వినని ఆడది ఈపాటికి భయపడి పరుగెత్తి ఉండేది. నేను తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అడిగాను, తను అదే జవాబు చెప్పింది. సంక్రాంతి పోయింది, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల పోయింది. తను నెలసరి కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఎండలు ముదిరే వేళకు నెలసరి వచ్చింది. అప్పటికి చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది, ముచ్చిక లోపలికి లాక్కుపోయింది. ఆ రోజు పాల గదిలో తను తెర మూసుకుని, నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి చూపించింది. నవ్వలేదు. నేను అప్పటికప్పుడు మేనేజరుకు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి తనను తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. 'రొమ్ములో గడ్డ' అని చెప్పి సెలవు అడగడానికి ఆ రోజు కూడా నాకు నోరు రాలేదు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పిన రోజు నేనూ, తన భర్తా పక్కనే ఉన్నాం. డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి.

"ఎప్పటినుంచి ఉందమ్మా ఇది?"

"చలికాలం నుంచి సార్. పాలగడ్డ అనుకున్నం."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లు కూడా లేని పిల్లలు చాలామంది ఇలాగే వస్తున్నారని, చిన్న వయసులో వచ్చేది కాస్త దూకుడుగా ఉంటుందని చెప్పాడు. తను అడిగిన మొదటి ప్రశ్న వేరు. "మా అమ్మ దినాం రుద్దేది సార్. దాంతోని ఏమన్న అయిందా?" రుద్దడం వల్ల రాదమ్మా, ఆలస్యం అయింది, అంతే అన్నాడాయన. తను తల ఊపి, భర్త చెయ్యి పట్టుకుని, "ఆలస్యం సంగతి అమ్మకు చెప్పకు" అంది.

కీమో మొదలుపెట్టే ముందు పాలు ఆపేయాలన్నారు. మాత్రలిచ్చారు. తల్లి మాత్రలను నమ్మక, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి మల్లెపూలు తెప్పించి, దండలు కట్టి, కూతురి రొమ్ములకు చుట్టి గుడ్డ బిగించింది. అలా కడితే పాలు వెనక్కి పోతాయని వాళ్ల ఊళ్లో నమ్మకం. నేను వెళ్లేసరికి తను గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్లంతా మల్లెల వాసన. అవతలి గదిలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు గడియ వేసి ఉంది. పాప ఏడుపు వినబడినప్పుడల్లా పాలు పొంగి ఆ పూలు తడుస్తున్నాయి. తను రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను ఏడ్చేశాను. ఆ తర్వాత మల్లెపూలు తల్లో పెట్టుకోలేదు నేను.

లాప్‌టాప్ అప్పగించి దీర్ఘ సెలవు కాగితాల మీద సంతకాలు పెట్టడానికి తను ఆఫీసుకి వచ్చింది. ఆ పని అయ్యాక వెళ్లిపోతుందనుకున్నాను. తను నేరుగా పాల గదికి వచ్చింది. నాతో కలిపి ఐదుగురం ఉన్నాం అక్కడ, ఇద్దరు కొత్తగా కాన్పు సెలవు నుంచి వచ్చినవాళ్లు. తను తలుపు గడియ వేసింది. తెరలన్నీ ఒక పక్కకు లాగేసింది. కుర్చీలో కూర్చుని కుర్తా పైకెత్తింది.

"అక్టోబర్ల బెలూన్లు ఎగరేసిండ్రు గద. గడ్డ ఎట్లుంటదో ఎవ్వరన్న చూపిచ్చిండ్రా? నేను చూపిస్త. రండి, చెయ్యి పెట్టండి."

ఎవరూ కదల్లేదు.

"నాకే లేని సిగ్గు మీకెందుకే? ఆపరేషన్ అయినంక చూద్దమన్నా ఉండది. పెట్టండి."

నేను ముందు వెళ్లాను. తను నా వేళ్లు పట్టుకుని, గోళ్లు కాకుండా వేళ్ల మెత్తటి భాగం ఆనించి, "మెల్లగ నొక్కు, గుండ్రంగ తిప్పు, ఇప్పుడు కదుపు" అని చెప్పింది. కదల్లేదు. ఆ గడ్డ చుట్టూ ఉన్న మెత్తదనం నుంచి వేరుగా తెలుస్తోంది. రాయిలా ఉంది, అంచులు సరిగా లేవు, లోపల దేన్నో పట్టుకుని ఉంది. "పాలగడ్డయితే నొప్పుంటది, రెండు మూడు దినాలల్ల పోతది. పోకుంటే ఇగ ఎవ్వరి మాట వినకు. డాక్టర్ మాట గూడ వినకు, ఇంకో డాక్టర్ దగ్గరికి పో" అంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొత్తగా వచ్చిన అమ్మాయి చెయ్యి పెట్టగానే వెక్కివెక్కి ఏడ్చింది. తను ఆ అమ్మాయి వీపు నిమిరి, "ఏడ్వకు, నీ పాలు తగ్గుతయి" అంది. బయట ఎవరో తలుపు కొట్టి, గది ఖాళీ అవుతుందా అని అడిగారు.

ఆ నలుగురిలో ఒకామెకు తర్వాత చిన్న గడ్డ దొరికింది. వెంటనే చూపించుకుంది. అది ప్రమాదం లేనిదని తేలింది. ఆ కబురు నేను ఫోన్లో చెబితే, కీమోతో గొంతు పోయి ఉన్నా తను "నా ఫీజు పంపియ్యమను" అని నవ్వింది.

తనకు ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, జుట్టు కూడా కాస్త మొలిచింది. అంతా అయిందనుకున్న వేళకు అది కాలేయంలో తేలింది. మరుసటి ఏడాది వానాకాలంలో, పాపకు మాటలు బాగా వస్తున్న రోజుల్లో, తను పోయింది. అంత్యక్రియలకు వచ్చిన బంధువుల్లో సగం మందికి జబ్బు పేరు తెలియదు. జ్వరం ముదిరిందని ఒకరు, కామెర్లని ఒకరు అనుకుంటున్నారు. నేను అందరికీ అరిచి చెప్పాలనుకున్నాను. అరవలేదు. శవం ముందు అరిచే హక్కు నాకేముంది?

దినాలనాడు వెళ్లాను. భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. తల్లి వంటింట్లో పొయ్యి దగ్గర కింద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకుంటూ అడిగింది.

"ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు బిడ్డా. నేను రుద్దబట్టేనా అది అట్ల పెరిగింది?"

"కాదమ్మా. ఒట్టు. మేం డాక్టరుగారిని అడిగాం. రుద్దితే రాదు, రుద్దితే పెరగదు అన్నారు."

"అయితే ఏమైంది మరి?"

తను చెప్పొద్దన్న మాట ఉంది. నేను నేల వైపు చూశాను. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు.

"దినాం నా చేతి కిందనే ఉండె బిడ్డా. ముందుగాల సెనగ్గింజంత ఉండె. తర్వాత రేగ్గాయంత అయింది. కరుగుతలేదని నా చేతికి ఎరుకనే. ఎంతోమందివి కరగదీసిన, నా బిడ్డది ఎందుకు కరగదని మొండికేసి ఇంకింత నూనె కాగబెట్టిన. అసొంటి రోగం ఒకటుంటదని, గట్టిగ ఉంటదని, నొప్పి లేవదని, ఒక్కలన్న చెప్తే భుజం మీద ఏసుకోని దవాఖానకు ఉర్కుదును." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు తెలుసా బిడ్డా, గిట్ల ఉంటదని?"

"ఇలాంటి రోగం ఉంటుందని ఆఫీసులో చెప్పారమ్మా."

"నా బిడ్డ గూడ ఇన్నదా?"

"విన్నది."

ఆవిడ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

లోపలి గదిలో పాప నిద్ర లేచి ఏడ్చింది. ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, చేతులు సబ్బుతో కడుక్కుని, పాలపొడి డబ్బా మూత తీసింది.